మూసా రహీం: అద్దె తుపాకులతో మొదలైన ఫౌజు

వరంగల్ నుంచి హైదరాబాద్‌కు పనిమీద వెళ్లేవాళ్లకు ఆబిడ్స్ పక్కన ఉన్న గన్‌ఫౌండ్రీ తెలిసిందే. పాతవాళ్లు తోప్ కా సాంచా అంటారు. మలక్‌పేట దగ్గరి మూసారాంబాగ్ పేరూ విన్నదే. ఈ రెండు పేర్ల వెనకా ఉన్న మనిషి ఒక్కడే. ఆయన ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిషెల్ రేమాన్. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు.

1755లో గాస్కనీలో ఒక వ్యాపారి ఇంట పుట్టాడు. 1775లో పుదుచ్చేరికి వచ్చింది కూడా వ్యాపారానికే. కొన్నాళ్లకే తక్కెడ వదిలి తుపాకీ పట్టాడు. మైసూరు ఫౌజులో పనిచేసి, 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర చేరాడు. బుస్సీ పోయాక నిజాం అలీ ఖాన్ కొలువుకు వచ్చాడు.

అప్పుడు ఆయన చేతికింద ఉన్నది 300 మంది. తుపాకులు కూడా సొంతం కావు, ఒక ఫ్రెంచి వర్తకుడి దగ్గర అద్దెకు తెచ్చినవి. ఒక్కోదానికి నెలకు 8 అణాలు. అంటే నెలకు 150 రూపాయలు అద్దెకే పోయేవి. పదేళ్లు తిరిగేసరికి ఫౌజు పదివేలు దాటింది. తుపాకులు, ఫిరంగులు హైదరాబాద్‌లోనే తయారయ్యాయి.

తయారుచేస్తే సరిపోదు, కాపాడుకోవాలి కూడా. ఆనాటి తుపాకీ అయినా పిస్తోలు అయినా చెకుముకి రాయితో పేలేది. కాల్చి అలాగే వదిలేస్తే తుపాకీమందు మసి తేమను లాగి ఇనుమును తినేస్తుంది. అందుకే విప్పి శుభ్రం చేయాల్సిందే. ముందు లోపల మందు, గుండు లేవని చూసుకోవాలి. పక్క మరలు తీసి గుర్రం, స్ప్రింగు ఉన్న భాగాన్ని బయటకు తీయాలి. మన ఇళ్లలో ఘోడా అనేది ఈ గుర్రాన్నే. తర్వాత గొట్టాన్ని చెక్క నుంచి విడదీసి వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరాక పల్చగా నూనె రాయాలి. బిగించేటప్పుడు తీసిన వరసకు వెనక నుంచి రావాలి. ఏ మర ఏ రంధ్రానిదో దానికే పోవాలి, చేత్తో చేసిన మరలు కాబట్టి ఒకదాని చోట ఇంకోటి పట్టదు. చివరికి రాయిని తోలుముక్కలో చుట్టి గుర్రం దవడల మధ్య బిగించాలి. పాత పిస్తోలు దాచుకున్న కొందరు మెరవాలని గరుకు కాగితంతో రుద్దేస్తారు. తుప్పుతోపాటు పనివాడి గుర్తులూ పోతాయి.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో రేమాన్ దళాలు గట్టిగానే నిలిచాయి. నిజాం వెనక్కి తగ్గడంతో ఓటమి తప్పలేదు. అదే ఏడు షాజాదా అలీ జా తిరగబడితే అణచింది కూడా ఈయనే. దర్బారులో ఆయన మాటకు విలువ పెరిగింది, ఇంగ్లీషువాళ్లకు కంటగింపయింది.

1798 మార్చి 25న, 43 ఏళ్లు నిండకుండానే రేమాన్ చనిపోయాడు. విషం పెట్టారన్న పుకారు అప్పుడే పుట్టింది. తర్వాత వచ్చిన పిరాన్‌కు ఆ పట్టు లేదు. సెప్టెంబర్ 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు, ఫ్రెంచివాళ్లను పంపేయాలన్నది అందులో షరతు. జీతాల బకాయిల కోసం సిపాయిలు సొంత అఫ్సర్లనే నిర్బంధించారు. అక్టోబర్ 22న కంపెనీ ఫౌజు చుట్టుముట్టగానే ఆయుధాలు కింద పెట్టేశారు. యుద్ధమే జరగలేదు. రేమాన్ పోయి అప్పటికి ఏడు నెలలు.

ఆయన సమాధి ఆస్మాన్‌గఢ్ దగ్గరి గుట్ట మీద ఉంది. చాలా ఏళ్లు ఆయన వర్ధంతి నాడు ఉర్సులాగే జనం చేరేవారు, దీపాలు పెట్టేవారు, ఊదు వేసేవారు. పక్కనున్న స్తంభాల మంటపం వానలకు కూలితే మళ్లీ కట్టారు. సమాధి రాతి మీద పూర్తి పేరు లేదు, జె.ఆర్. అన్న రెండు అక్షరాలే ఉన్నాయి.