కాటను దొరయు ఆనకట్ట పనివారును

గోదావరి సీమలో సర్ ఆర్థరు కాటను విగ్రహములు ఊరూర గలవు. పెక్కింట ఆయన గుఱ్ఱమెక్కి యుండును, ఒక్కడే యుండును. శిల్పి చేయగలిగిన దంతే. కాని వరద కెదురొడ్డి, ఇసుకమీద నిలువవలసిన రెండుమైళ్ళ రాతికట్టడము ఒక్కని చేతిపని కాదు. 1847లో పని మొదలయ్యెను. మరుసటి యేడే కాటను జబ్బుపడి, పనిని ఇతరుల చేతిలో పెట్టి, సముద్రము దాటి పోవలసి వచ్చెను. ఆయన లేని ఆ కాలమున పని ఆగలేదు. తరగతిలో పాఠము చెప్పునపుడు మనము ఈ సంగతిని తరచుగా ఒక్క వాక్యముతో దాటిపోవుచుందుము. నాకు మాత్రము ఆయన జీవితములో అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము ఇదియే యని తోచును.

కాటను 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. తండ్రికి పదవ కుమారుడు. పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కంబు సైనికపాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున కెన్నికై, 1821లో ఇండియాకు వచ్చెను. అంతవరకు విశేషమేమియు లేదు. ఆయన అసలు విద్యాభ్యాసము కావేరి యొడ్డున జరిగినది.

తంజావూరు సీమలో కావేరి నీటిని కొల్లడము పాయ లాగికొనుచుండుటచే, పొలములకు నీరందక రైతులు చితికిపోవుచుండిరి. ఆ సీమకు తరతరములుగా అండయైనది కల్లణై యను పాతకట్ట. దానిని కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి. కాటను దానిని చూచి మెచ్చుకొని ఊరకుండలేదు. ఒక గ్రంథమును చదివినట్లు చదివెను. ఎంత త్రవ్వినను గట్టినేల తగులని ఇసుకలో పునాది నిలుపుట ఎట్లో ఆ కట్టడమునుండి, దానిని కట్టిన పూర్వుల పనితనమునుండి ఆయన నేర్చుకొనెను. అట్లు నేర్చుకొంటినని పిమ్మట బాహాటముగా చెప్పుకొనెను కూడ. పాలించు జాతివాడు పాలితుల పెద్దలకు శిష్యుడనని ఒప్పుకొనుట ఆ దినములలో చిన్నమాట కాదు. 1836లో కొల్లడముపై ఆయన చేపట్టిన ఆనకట్టలు ఈ శిష్యరికపు ఫలమే. ఇతరులకు పని నేర్పబోవువాడు తాను మొదట ఎవరివద్దనో నేర్చినవాడై యుండుట మేలు. కాటనుకు ఆ భాగ్యము కలిగినది.

ఇక గోదావరి సంగతి. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు మండలమును శ్మశానము చేసి, దాని దెబ్బ గోదావరి సీమకు కూడ తగిలించెను. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి ప్రాంతమును ముంచివేసెను. మహానది ప్రక్కనే పారుచుండగా పైరు లెండిపోయెడివి. అది పొంగినపుడు ఊళ్ళు కొట్టుకొనిపోయెడివి. జనము తగ్గెను, శిస్తు తగ్గెను. కంపెనీవారికి జనము తగ్గుటకంటె శిస్తు తగ్గుటయే ఎక్కువ బాధ కలిగించె ననుట అన్యాయము కాదు. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ ఈ దుస్థితిని విచారించి నివేదిక వ్రాసెను. ఆ సమయముననే కాటను నదిని పరీక్షించి, ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టవలెనని సిఫారసు చేసెను. అక్కడ నది లంకల నడుమ నాలుగు పాయలుగా చీలును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు ఖండములుగా కట్ట కట్టవలెను. అంచనా సుమారు 4,75,000 రూపాయలు. 1846లో అనుమతి వచ్చెను.

డబ్బు సంగతి అట్లుండగా, అంతకంటె కష్టమైనది మనుష్యుల సంగతి. కాటను తనకు తోడుగా పలువురు ఇంజనీరు అధికారులను, పనివారికి పని నేర్పగల యువకులను, తాపీపనివారిని, కమ్మరులను, వడ్రంగులను పెద్దసంఖ్యలో పంపుమని కోరెను. అడిగినది కొండంత, వచ్చినది గోరంత. అంత పెద్ద పనిని ఎన్నడును చూచి యెరుగని జనముతోడనే ఆ పని చేయవలసి వచ్చెను. కావున ధవళేశ్వరము ఒక పనిస్థలము మాత్రమే కాక, ఒక పాఠశాల కూడ అయ్యెను. ప్రక్కనున్న కొండను పగులగొట్టవలెను. ఆ రాతిని ఇనుప పట్టాలమీద బండ్లలో రేవునకు చేర్చి, అక్కడనుండి పడవలలో నదిలోనికి తీసికొనిపోవలెను. ఇసుకలో వరలు దింపి పునాది వేయవలెను. సున్నము, ఇటుక సిద్ధపరుపవలెను. రాయి కొట్టువాడు ఆలస్యము చేసిన పడవ కదలదు. పడవ రానిచో తాపీవాడు చేతులు ముడుచుకొని కూర్చుండును. పైగా జూన్ నెలలో వరద వచ్చినచో శరత్తు గడచువరకు నదిలో అడుగుపెట్టుటకు వీలులేదు. ఏడాదిలో సగమే పనికాలము. నేర్చుకొనుటయు, పని చేయుటయు ఆ కొలదినెలలలోనే జరుగవలెను.

ఇక్కడ వీణెం వీరన్నను తలపక తప్పదు. ఈయన తెలుగువాడు, కాటనుకు ముఖ్యమైన దేశీయ సహాయకుడు. దొర మనస్సులోని మాట కూలివానికి తెలియవలెనన్న, కూలివాని కష్టము దొర చెవిని పడవలెనన్న నడుమ నొక నమ్మకస్థుడు కావలెను. పనివారిని సమకూర్చుట, వారిని చెదరిపోకుండ నిలుపుట వీరన్న పని. ఇది భాషాంతరీకరణము మాత్రమే కాదు. ఇంజనీరింగు తెలిసినవాడు, జనము తెలిసినవాడు ఒకచోట కూడినప్పుడే వేలకొద్ది మనుష్యులు ఒక్క సేనగా నడతురు. ప్రభుత్వమువారు పిమ్మట వీరన్నకు రాయబహద్దరు బిరుదమిచ్చిరి. కొండ పగులగొట్టిన వేలమందిలో ఒక్కని పేరైనను మనకు దక్కలేదు.

1848లో కాటను ఆరోగ్యము చెడెను. ఆయన పనిని కెప్టెను ఛార్లెసు ఆర్ అను నతనికి అప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్ళెను. అసలు పరీక్ష అప్పుడు వచ్చినది. అధిపతి కన్నెదుట లేనప్పుడు అంత పెద్ద జనసమూహము ఎన్నాళ్ళు నిలుచును? ఒక్క వరదకాలమునకు కట్ట సిద్ధము కానిచో, అంతకు ముందటి శ్రమ యంతయు నదిపాలగు ప్రమాదమున్నది. ఆర్ సమర్థుడే. కాని కాటను అన్ని కీలకములను తన గుప్పిటిలోనే దాచుకొని యుండినచో, ఎంత సమర్థుడైనను ఏమి చేయగలడు? పద్ధతి అందరికిని తెలిసియుండుటచేతను, ఎవరి పని యేదో వారికి తెలిసియుండుటచేతను పని సాగినది. 1850లో కాటను తిరిగి వచ్చునప్పటికి పని చెక్కుచెదరక యుండెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

అంతటితో ఆ పాఠశాల మూతపడలేదు. యువకుడైన లెఫ్టినెంటు హెయిగు, వైనతేయ పాయపై గన్నవరముకడ 49 ఖానాల అక్విడక్టు కట్టి కోనసీమ నడుమకు కాలువనీరు దాటించెను. అది శిథిలమైన పిదప దాని ప్రక్కనే క్రొత్తది కట్టి అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. ఇది నాకు మిక్కిలి నచ్చిన పేరు. ఆర్ విజయవాడకు వెళ్ళి, 1852 మొదలు 1855 వరకు కృష్ణానదిపై ఆనకట్ట కట్టించెను. గోదావరిలో ఆరితేరిన చేయి కృష్ణలో తడబడలేదు.

కాటను 1860లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు వెళ్ళెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. ఆయన తలపెట్టిన పనులన్నియు ఇట్లే ఫలింపలేదు. తుంగభద్రనుండి కర్నూలు, కడప సీమలకు మద్రాసు ఇరిగేషను కంపెనీ త్రవ్వించిన కాలువ ఆశించిన లాభము తేలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. ఆ కాలువకు సంకల్పము ఆయనదే గాని, త్రవ్వునాడు గట్టున నిలిచినవాడు ఆయన కాడు. రైళ్ళకంటె కాలువలే మేలని వాదించి వాదించి, పార్లమెంటు సభ్యుల ప్రశ్నలకు సమాధానములు చెప్పి, వృద్ధాప్యములో విసుగెత్తక వ్యాసములు వ్రాసెను.

1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున, ఆయన ఇంగ్లండులోని డార్కింగులో కన్నుమూసెను. ఆయన కుమార్తె లేడీ హోపు మరుసటి యేట తండ్రి జీవితచరిత్ర ప్రకటించెను. పాత ఆనకట్ట స్థానమున 1970 మొదలు 1982 వరకు కట్టిన నూతన బ్యారేజీకిని కాటను పేరే నిలిచినది. వీరన్న మాత్రము దొర కంటె ముప్పదిరెండేండ్ల ముందే, 1867లో గతించెను.