గనిగాలిని పరీక్షించిన హాల్డేన్

మందమర్రి బొగ్గుగనులలో కొత్తగా చేరే కార్మికుడు, 1966 నాటి వృత్తిశిక్షణ నియమావళి ప్రకారం, పనిలోకి దిగే ముందే శిక్షణ పొందాలి. గనిలోని విషవాయువులను గుర్తించడం అందులో ముఖ్యమైన పాఠం. ఆ పాఠానికి మూలపురుషులలో ఒకరు జాన్ స్కాట్ హాల్డేన్.

హాల్డేన్ 1860లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో జన్మించారు. 1884లో వైద్యపట్టా పొందారు. ఆయన దృష్టి మాత్రం మనిషి పీల్చే గాలిపై నిలిచింది.

1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు సంభవించి 57 మంది అసువులు బాశారు. హాల్డేన్ అక్కడికి వెళ్లి మృతదేహాలను పరిశీలించారు. పేలుడు ధాటికి మరణించినవారు కొద్దిమందే. తక్కినవారిని బలిగొన్నది ఆ తరువాత వ్యాపించిన కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని ఈ వాయువు ప్రభావాన్ని తెలిసికొనడానికి ఆయన అంతకుముందే దానిని తానే పీల్చి చూశారు. రక్తంలో సగానికి మించి అది చేరేవరకు ప్రయోగం ఆపలేదు!

చిన్న ప్రాణులు మనిషికంటె ముందే సొమ్మసిల్లుతాయి గనుక వాటిని గనిలోకి వెంట తీసికొనిపోవాలని ఆయన సూచించారు. ఆ విధంగా కెనరీ పిట్టలు బ్రిటన్ గనులలో 1980వ దశకం వరకు కావలి కాశాయి. పిట్ట కూలితే మనిషి వెనుదిరగడానికి ఇంకా వ్యవధి ఉన్నదని అర్థం. అయితే ఆ సంకేతం తెలిసినవానికే అది రక్ష.

తన కుమారునికీ ఆయన ఈ విద్యను గనిలోనే నేర్పారు. పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట బాలుని నిలబెట్టి, ఒక నాటకంలోని ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. బాలుడు కొంతసేపటికే కూలబడి, నేలమట్టాన గాలి మంచిదని గ్రహించాడు. కఠినమైన బోధనే! ఆ బాలుడే తరువాత 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తండ్రి 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు.