శ్రీ రాఘవేంద్రస్వామివారి వంశమూలము

మన ఆదవానికిని ఎమ్మిగనూరునకును సమీపమున, తుంగభద్రానది దక్షిణతీరమున, మంత్రాలయమను పుణ్యక్షేత్రము కలదు. అచట బృందావనస్థులైన శ్రీ రాఘవేంద్రస్వామివారి పేరు వినని బాలబాలికలు మన ప్రాంతమున ఉండరు. కన్నడిగులు వారిని రాయరని పిలుచుచు తమవారందురు. తమిళులు తమ దేశమున పుట్టినవారందురు. తెలుగువారు తమ నేలపై శాశ్వతముగా నిలిచినవారందురు. ఈ మూడు మాటలును సత్యములే. ఒక్క పురుషుడు ముగ్గురికిని స్వజనుడెట్లయ్యెనో తెలియవలెనన్న వారి వంశము నడచిన దారిని వెదకవలెను. తెలుగును కన్నడమును ఉర్దూను ఇండ్లలో మాటలాడు పిల్లలు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను సీమ మనది. కావున ఈ విచారణ మనకు దూరమైనది కాదని తలచి, మేము దీనిని చదువరుల ముందుంచుచున్నాము.

స్వామివారి పూర్వులు గౌతమగోత్రికులు, కన్నడదేశీయులగు మాధ్వబ్రాహ్మణులు. ప్రపితామహుడగు కృష్ణభట్టు వీణావిద్యలో దిట్ట. 1509 మొదలు 1529 వరకు విజయనగరమును పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఆయనయొద్ద వీణ నేర్చి, గురుదక్షిణగా ఆభరణములొసగెనని ఆ వంశచరిత్ర చెప్పుచున్నది. కృష్ణభట్టు కుమారుడు కనకాచలభట్టు. ఆయన కుమారుడు తిమ్మన్నభట్టు. ముత్తాతనాడు తుంగభద్రాతీరమున రాజాశ్రయమున వర్ధిల్లిన ఆ కుటుంబమునకు మునిమనుమని నాటికి అచట నిలువ నీడ లేకపోయెను.

కారణము సుప్రసిద్ధము. 1565వ సంవత్సరమున రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరసేనలు ఓడిపోయెను; మహానగరము పాడుపడెను. పండితులును గాయకులును శిల్పులును పొట్ట చేతబట్టుకొని దక్షిణమునకు వలసపోయిరి. తిమ్మన్నభట్టును భార్యయగు గోపికాంబయు ఆ దారినే నడచి, చిదంబరమునకు సమీపమున ఉన్న భువనగిరి గ్రామమున కాపురముండిరి. వారికి గురురాజుడను కుమారుడును వేంకటాంబయను కుమార్తెయు కలిగిరి. పిమ్మట తిరుపతి వేంకటేశ్వరుని సేవించి కన్న రెండవ కుమారునకు వేంకటనాథుడని పేరిడిరి. ఆ జననము 1595వ సంవత్సరమున జరిగెనని పెద్దలు లెక్కింతురు. ఆ బాలుడే మన కథానాయకుడు. తండ్రి తాతలది కన్నడసీమ, పుట్టినది తమిళసీమ, పేరు తిరుమలవాసునిది.

వేంకటనాథునకు చిన్నతనముననే పితృవియోగము కలిగెను. అన్నయగు గురురాజుడు సాకెను; బావయగు లక్ష్మీనరసింహాచార్యులు మధురలో విద్య గరపెను. యౌవనమున సరస్వతి యను కన్యను వివాహమాడి, కుంభకోణమునకు పోయి, శ్రీ సుధీంద్రతీర్థులవారి మఠమున న్యాయవేదాంత వ్యాకరణములను అభ్యసించెను. పగలెల్ల గురువుకడ పాఠము విని, రాత్రి దీపము ముందు వ్యాఖ్యలు వ్రాసికొనెడివాడని చెప్పుదురు. ముత్తాతనుండి వచ్చిన వీణను మాత్రము విడువలేదు. రాజ్యము పోయినను, ఇల్లు పోయినను, ఆ విద్య మూడు తరములు దాటి ఆయన వ్రేళ్లకు చేరెను.

గృహస్థాశ్రమమున ఆయన దారిద్ర్యము ఇంతింత కాదు. విద్య చెప్పి ధనము యాచింపని నియమము కలవాడగుటచే భార్యాపుత్రులతో పస్తులుండిన దినములు అనేకములు. సుధీంద్రులవారు తమ పిమ్మట పీఠము నధిష్ఠింపుమని కోరినప్పుడు, ఉపనయనమైనను కాని పసివాడగు లక్ష్మీనారాయణుని, యౌవనవతియగు భార్యను విడువజాలక ఆయన తొలుత నిరాకరించెను. చాలకాలము మథనపడి తుదకు అంగీకరించెను. 1621వ సంవత్సరమున తంజావూరున, రఘునాథనాయకుని పాలనాకాలమున, సన్న్యాసము స్వీకరించి రాఘవేంద్రతీర్థులైరి. ఆ ఎడబాటును సహింపలేక సరస్వతి ప్రాణములు విడిచెనని కథ కలదు. మహాత్ముల కీర్తిలో వారి ఇంటివారి కన్నీరును కలిసియుండునని మనము మరువరాదు.

గురువగు సుధీంద్రులవారు తుంగభద్రాతీరమున ఆనెగొందిసమీపమందలి నవబృందావనమున సమాధి నొందిరి. అది హంపీశిథిలములకు ఎదుటనే, నది నడుమ నున్న దీవి. పూర్వులు వీడిపోయిన నదికడకే గురువు చేరెను. శిష్యునకును ఆ నదియే గమ్యమయ్యెను. రాఘవేంద్రులవారు ఏబదియేండ్లు పీఠము నిర్వహించి, దక్షిణదేశమున విస్తారముగా సంచరించి, శిష్యులకు పాఠములు చెప్పి, సంస్కృతమున అనేక గ్రంథములు రచించిరి. జయతీర్థుల న్యాయసుధకు వారు వ్రాసిన పరిమళమను వ్యాఖ్య పండితులు నేటికిని చదువుచున్నారు. కన్నడమునను ఒక కీర్తన వారి పేర పాడబడుచున్నది. తమిళదేశమున పుట్టి పెరిగినను పూర్వుల భాష ఆ ఇంట ఆరిపోలేదు.

తుదకు వారు మన ఆదవానిసీమకు వచ్చిరి. అప్పుడు ఈ దుర్గము బిజాపురము సుల్తానులది. దాని నేలుచుండినవాడు సిద్దీ మసూద్ ఖానుడు. ఆదవానిలోని జుమ్మామసీదు ఈయన కట్టించినదే. సిద్దీలనగా ఆఫ్రికాఖండమునుండి సముద్రము దాటి వచ్చినవారి సంతతి. ఆయన దివానైన వెంకన్న చిన్నతనమున చదువురాని అనాథబాలుడనియు, స్వామివారి అనుగ్రహమున చదివి ఉన్నతపదవి నందెననియు ఐతిహ్యము. ఈ వెంకన్న మూలమున నవాబునకు స్వామివారిపై గౌరవము కలిగెను. సారవంతమైన వేరొక గ్రామమిచ్చెదనన్నను ఒల్లక, మంచాలమ్మ గ్రామదేవతగా నున్న మంచాల యను మెట్టపల్లెనే స్వామివారు కోరిరట. పూర్వము ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన చోటది యని వారి విశ్వాసము. కన్నడవంశమున జనించి తమిళదేశమున పెరిగిన హైందవయతికి ఆఫ్రికాసంతతి వాడైన మహమ్మదీయ ప్రభువు తెలుగునేలను దానమిచ్చెను. ఆ మంచాలయే నేటి మంత్రాలయము. నేటికిని యాత్రికులు మొదట మంచాలమ్మను దర్శించిన పిమ్మటనే బృందావనమును దర్శింతురు. క్రొత్తగా వచ్చినవారు ముందునుండి ఉన్నవారిని గౌరవించు మర్యాద అందున్నది.

1671వ సంవత్సరము, విరోధికృత్ నామసంవత్సర శ్రావణ బహుళ విదియనాడు, స్వామివారు బృందావనప్రవేశము చేసిరి. ఏటేట ఆ తిథిని ఆరాధనోత్సవము జరుగుచున్నది.

స్వామివారు నిలిచిరి గాని, వారు నిలిచిన నేలకు ప్రభువులు నిలువలేదు. బిజాపురమువారి పిమ్మట మొగలాయీలు, ఆపై నిజాములు ఆదవానిని ఏలిరి. 1786లో టిప్పుసుల్తాను దుర్గమును పట్టుకొనెను. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లకంపెనీకి దత్తము చేసెను. అది పిమ్మట బళ్లారిజిల్లాలో చేరినది. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరునకు పోగా, ఆదవాని ఆలూరు తాలూకాలు క్రొత్తగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున కర్నూలుజిల్లాలో కలిసినవి. నదికి ఆవలి గట్టు నిజాము రాజ్యముగా నుండి, 1956లో మైసూరులో చేరి, 1973లో కర్ణాటకమను పేరు దాల్చినది. మంత్రాలయమున ఒక్క ఇంటిలో కాపురమున్న వంశము గడప దాటకయే ఇన్ని రాజ్యముల ప్రజయైనది.

ఇట్టిది మన దేశమునకే చెల్లినది కాదు. ఐరోపాలో ఏడ్రియాటిక్ సముద్రమున క్రెస్ అను ద్వీపము కలదు. అది 1797 వరకు వెనీసువారిది, పిమ్మట ఆస్ట్రియావారిది, మొదటి మహాయుద్ధానంతరము ఇటలీది, 1947 సంధిచే యుగోస్లావియాది, 1991 మొదలు క్రొయేషియాది. ఆ దీవినుండి దూరదేశములకు వలసపోయినవారి మనుమలు తమ మూలమును వెదకునప్పుడు, తాత ఆస్ట్రియనా, ఇటాలియనా, క్రొయేషియనా యని తడబడుదురు. దీవి మాత్రము చోటు మారలేదు. దానిపై ఎగిరిన జెండాలే మారినవి.

స్వామివారి జీవితము ఈ తడబాటునకు చక్కని సమాధానమని మా యభిప్రాయము. వంశమూలమనగా ఒక్క రాజ్యము పేరు కాదు. వంశముతో నడచివచ్చిన విద్య, ఇంటిభాష, ఆశ్రయమిచ్చిన ఊళ్లు, మేలుచేసిన పరులు, ఇవియన్నియు కలిసినదే మూలము. వీనిలో దేనిని కొట్టివేసినను స్వామివారి చరిత్ర కుంటువడును. కన్నడమును తీసివేసిన వీణ లేదు; తమిళమును తీసివేసిన గురుకులము లేదు; సిద్దీ ప్రభువును తీసివేసిన మంత్రాలయమే లేదు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతను అవ్వను అడిగి, మూడుతరముల పూర్వుల పేర్లను, వారు పుట్టిన ఊళ్లను, మాటలాడిన భాషలను, వలస వచ్చిన కారణములను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పెద్దలున్నప్పుడే అడుగవలెను, వారితోపాటు అవియు పోవును. అందు కరవు ఉండవచ్చును, అప్పు ఉండవచ్చును, యుద్ధము ఉండవచ్చును. ఏ పరాయివాడో పెట్టిన పిడికెడన్నమును ఉండవచ్చును. దానిని కూడ వ్రాయుడు.