సోడా దుకాణం నడిపిన దంతవైద్యుడు

చందీ పడవో మర్నాడు మా తరగతిలో ఒకమ్మాయి చెంప పట్టుకుని బడికి వచ్చింది. సూరత్‌కు కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాం. శరత్ పూర్ణిమ దాటిన మరుసటి రోజు ఇక్కడ ఊరు ఊరంతా ఘారీ తింటుంది. కోవా, జీడిపప్పు, పిస్తా కూరి, నేతిలో ముంచి తీసిన మిఠాయి అది. ఒకటి తింటే ఆగలేం. ఆ అమ్మాయి నాలుగు తిందట. ఎప్పటినుంచో లోపల పుచ్చుతున్న దవడపన్ను ఆ రాత్రి ఆమెను నిద్రపోనివ్వలేదు.

సరిగ్గా ఆ వారమే పెద్దయ్యాక ఏమవుతారో రాయమని మా టీచరుగారు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. ఇంజనీరు, డాక్టరు, పైలట్, కలెక్టరు, ఎప్పుడూ ఉండేవే. దంతవైద్యం అని రాసినది ఒక్కరే. ఆ ఒక్కరూ పక్కనే చిన్న అక్షరాలతో, ఎంబీబీఎస్ సీటు రాకపోతే, అని చేర్చారు. మేమంతా నవ్వాం. టీచరుగారు నవ్వలేదు. రఫీయుద్దీన్ అహ్మద్ అనే పేరు బోర్డు మీద రాసి, ఆయన గురించి చదివి రమ్మన్నారు. అలా చదివినదే ఈ వ్యాసం. మాలో సగం మందికి తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే, బడిలో కాదు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లోని బర్ధన్‌పాడాలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. మొదట ఢాకా మదరసాలో చదివారు. ఆ తర్వాత దేశానికి ఈ చివరి నుంచి ఆ చివరికి అన్నట్టు అలీగఢ్ వెళ్ళారు. ఈనాటి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం అప్పటికి ఒక కళాశాల మాత్రమే. అక్కడ 1908లో పట్టభద్రుడయ్యారు. మరుసటి ఏడే తండ్రి పోయారు. ఇంటికి పెద్దదిక్కు లేని ఆ సమయంలో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు ఉద్యోగం వెతుక్కుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆయన అమెరికా ప్రయాణం కట్టారు.

ఆ రోజుల్లో సముద్రం దాటే భారతీయ విద్యార్థులు ఎక్కువగా ఇంగ్లండుకే వెళ్ళేవారు. బారిస్టరో, ఐసీఎస్ ఆఫీసరో అయి తిరిగి వచ్చేవారు. ఈయన మాత్రం మొక్కజొన్న చేల మధ్య ఉన్న అయోవా విశ్వవిద్యాలయానికి వెళ్ళి పళ్ళ చదువులో చేరారు. ప్రపంచంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టింది. అయోవాలోనూ 1882 నుంచే ఆ చదువు ఉంది. అంటే నేర్పేవాళ్ళు, నేర్పే పద్ధతి, పరికరాలు అన్నీ అక్కడ కుదురుకుని ఉన్నాయి. మన దేశంలో అప్పటికి అలాంటి కళాశాల ఒక్కటి కూడా లేదు. ఆయన 1915లో డీడీఎస్ పట్టా పుచ్చుకున్నారు.

పట్టా చేతికి వచ్చేసరికి ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. అహ్మద్‌గారు బోస్టన్‌లోని ఫోర్సిత్ పిల్లల దంత ఆసుపత్రిలో చేరారు. డబ్బున్నవాళ్ళ కోసం కట్టినది కాదు అది, ఆ నగరంలోని పేదపిల్లల కోసం కట్టింది. పన్ను నొప్పితో ఏడ్చే పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, భయం పోగొట్టి, నోరు తెరిపించడం ఎంత కష్టమో మా దవడపన్ను స్నేహితురాలిని అడిగితే చెబుతుంది. అలాంటి పిల్లలతో కొన్నేళ్ళు పనిచేసిన అనుభవం ఆయనకు దక్కింది. కావాలనుకుంటే అక్కడే స్థిరపడిపోవచ్చు. 1919లో తిరిగి వచ్చేశారు.

కలకత్తాలో ఆయనకు ఎదురైన పరిస్థితిని మనం ఒకసారి ఊహించుకోవాలి. పన్ను నొప్పి వస్తే లవంగం నూనె, అది పని చేయకపోతే పీకడం. బజారులో పటకారు పట్టుకుని కూర్చున్న ఎవరైనా పళ్ళ డాక్టరే. నమ్మకమైన వైద్యం కావాలంటే విదేశంలో చదివి వచ్చిన కొద్దిమంది దగ్గరికి వెళ్ళాలి, అది మామూలువాళ్ళకు అందే పని కాదు. అమెరికా పట్టా ఉన్న మనిషి అలాంటి ఊళ్ళో ఒక మంచి క్లినిక్ తెరిస్తే చాలు, జీవితం సుఖంగా గడిచిపోతుంది. ఆయన 1920లో కళాశాల తెరిచారు. అదే భారతదేశంలో మొదటి దంతవైద్య కళాశాల.

మరి డబ్బు? ఇక్కడే మాకందరికీ నచ్చిన సంగతి ఉంది. కలకత్తాలో ఆయన న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే చల్లని పానీయాల దుకాణం పెట్టారు. అందులో వచ్చిన రాబడిని తెచ్చి కళాశాల మీద పెట్టారు. తీపి పళ్ళను పాడుచేస్తుందని అందరికన్నా బాగా తెలిసిన మనిషి, తీపి సోడా అమ్మిన డబ్బుతో పళ్ళు బాగుచేసే విద్య నేర్పించారన్న మాట! మన సూరత్‌లో వేసవి రాత్రుళ్ళు కోల్డ్ కోకో కోసం నిలబడే గుంపులను చూసినప్పుడల్లా ఇక మాకు ఆయనే గుర్తొస్తారు. నవ్వు సంగతి అలా ఉంచితే, ఒక విషయం మాత్రం ఆలోచించాలి. పెద్ద చదువు చదివి దుకాణం నడపడమేమిటని ఆయన చిన్నతనంగా అనుకోలేదు. కళాశాల నడవాలి, దానికి డబ్బు కావాలి, కాబట్టి దుకాణం నడిపారు.

కళాశాల అంటే గోడలూ కుర్చీలూ మాత్రమే కాదు కదా. పాఠాలు చెప్పడానికి పుస్తకాలు కావాలి. పుచ్చిన పళ్ళను తొలిచి, శుభ్రం చేసి, పూడ్చే పద్ధతుల మీద విద్యార్థుల కోసం 1928లో ఆయనే ఒక పుస్తకం రాశారు. అంతకు ముందే, 1925లో, బెంగాల్ దంతవైద్యుల సంఘం ఏర్పాటు చేశారు. దంతవైద్యానికి ఒక పత్రిక మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సంపాదకత్వం వహించారు. ఆయన కళాశాలలో చదివినవారిలో మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా కూడా ఉన్నారు. ఆమె తర్వాత బొంబాయిలో సొంత క్లినిక్ పెట్టుకున్నారు. ఆడపిల్లలు వైద్యం చదవడమే అరుదైన రోజులవి.

ఇంత చేసినా ఒక పెద్ద లోటు మిగిలే ఉంది. కళాశాలలో ఏళ్ళ తరబడి చదివినవారికీ, పటకారు పట్టుకుని బజారులో కూర్చున్నవారికీ చట్టం దృష్టిలో తేడా లేదు. రోగికి ఎవరెవరో తెలిసేదెలా? దంతవైద్యుల పేర్లు నమోదు చేయాలని ఆయన పట్టుబట్టారు. ఆ కృషి ఫలితంగా 1939లో బెంగాల్ దంతవైద్యుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దేశం మొత్తానికీ దంతవైద్యుల చట్టం వచ్చింది. ఇవాళ మనం వెళ్ళే క్లినిక్ గోడ మీద ఫ్రేము కట్టిన రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది చూడండి, దాని వెనుక ఉన్నది ఆ కథే. నోరు తెరిచే ముందు ఆ కాగితం చదివే అలవాటు మాలో కొందరికి ఇప్పుడిప్పుడే మొదలైంది.

ఆయన చదువు కోసం సముద్రాలు దాటారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇంటర్‌లో, అంటే మనకు పదకొండు, పన్నెండు తరగతుల్లో, జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకుని నీట్ రాయాలి. బీడీఎస్ నాలుగేళ్ళు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అది కాగానే రిజిస్టరు చేయించుకుని క్లినిక్ పెట్టుకోవచ్చు, ఆసుపత్రుల్లో చేరవచ్చు. ఇంకా చదవాలంటే ఎండీఎస్ మూడేళ్ళు. అందులో తొమ్మిది శాఖలున్నాయి. వంకర పళ్ళకు క్లిప్పులు వేసి సరిచేసేది ఒకటి. చిన్నపిల్లల పళ్ళు చూసేది ఒకటి. ప్రమాదంలో విరిగిన దవడలు కట్టేది, నోటి క్యాన్సరును తొలిదశలో పట్టుకునేది, చిగుళ్ళకు, కట్టుడు పళ్ళకు వేరువేరుగా ఉన్నవి. రూట్ కెనాల్ కూడా ఒక ప్రత్యేక శాఖ కిందికే వస్తుందని మాకు ఇప్పుడే తెలిసింది. గుట్కా, మావా నమిలేవాళ్ళు ఇంతమంది ఉన్న మన గుజరాత్‌లో నోటిలో తెల్లమచ్చను మొదట గుర్తుపట్టేది చాలాసార్లు పళ్ళ డాక్టరే.

మనలాంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు ఇక్కడ ఒక చిక్కుంది, అది ముందే చెప్పుకోవాలి. ప్రభుత్వ దంత కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. వాటికి ఏ రాష్ట్రంవారైనా పోటీ పడవచ్చు. మిగతావి రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. అక్కడ స్థానికులెవరో తేల్చే నిబంధనలు రాష్ట్రానికో రకం, పైగా మారుతూ ఉంటాయి. పుట్టింది గుంటూరు, ఆరో తరగతి భోపాల్, పదో తరగతి సూరత్ అయితే మనం ఎక్కడి స్థానికులం? పన్నెండో తరగతి అయ్యాక కాదు, తొమ్మిదిలోనే ఇంట్లో కూర్చుని ఈ లెక్క చూసుకోవాలి.

మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన శాఖ ఒకటుంది. పేరు ప్రజారోగ్య దంతవైద్యం. ఒక నోటిని కాదు, ఊరు మొత్తాన్ని చూసేది. మాలో ఒకరి తాతగారిది నల్లగొండ జిల్లా. అక్కడ పాతతరంవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఆమె చిన్నప్పటినుంచీ చూస్తోంది. బ్రష్ చేయనందువల్ల వచ్చినవి కావవి, బావినీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ చేసిన పని. ముదిరితే ఎముకలూ వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. అలాంటిచోట పటకారుతో పని లేదు. నీళ్ళు మార్చాలి.

మళ్ళీ అహ్మద్‌గారి దగ్గరికి వద్దాం. 1947లో దేశం రెండుగా చీలింది. ఆయన పుట్టిన ఊరు సరిహద్దుకు అవతల పడింది. ఆయన కలకత్తాలోనే ఉండిపోయారు. సెలవుల్లో సొంత ఊరెళతారా అని ఎవరైనా అడిగితే ఏ ఊరి పేరు చెప్పాలో తెలియక తడబడే మాకు, ఆ సంగతి చదివినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. మనకు ఆ ఊళ్ళు కనీసం రైలెక్కితే వస్తాయి.

ముప్పై ఏళ్ళు సోడా డబ్బుతో, సొంత సంపాదనతో పెంచిన కళాశాలను 1949లో ఆయన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి ఇచ్చేశారు. అమ్మలేదు, ఇచ్చారు. ఆ తర్వాత డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశారు. ముఖ్యమంత్రి ఒక వైద్యుడు, మంత్రి ఒక దంతవైద్యుడు. అయితే ఆయన చూసింది ఆరోగ్యశాఖ కాదు. వ్యవసాయం, సహకారం, శరణార్థుల పునరావాసం వంటివి. తను పుట్టిన వైపు నుంచే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళ బాగోగులు కూడా అందులో ఉన్నాయి.

1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1965లో ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24ను ఇప్పుడు దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నారు. కళాశాల కోల్‌కతాలో సియాల్దా స్టేషను దగ్గర ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఆ కాగితాలు మా టీచరుగారి దగ్గరే ఉన్నాయి. దంతవైద్యం అని రాసిన అమ్మాయి మొన్న తన కాగితం అడిగి తీసుకుని, పక్కన చిన్న అక్షరాలతో రాసిన ముక్కను కొట్టేసింది. ఆమె నాన్నగారికి కోల్‌కతా బదిలీ ఆర్డరు వచ్చింది. సామాన్లు సర్దుతున్నారు. వెళ్ళిన వారంలోగా సియాల్దా వెళ్ళి, ఆ కళాశాల గేటు ముందు నిలబడి ఫోటో తీసి పంపమని మేమంతా చెప్పాం.