కెప్లరు వ్రాసిన జాతకము

ఉన్నత పాఠశాలలలో భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులలో కెప్లరు సూత్రములను నల్లబల్లపై వ్రాయనివారుండరు. గ్రహములు దీర్ఘవృత్తములలో తిరుగుననియు, సూర్యుడు ఆ దీర్ఘవృత్తమున ఒక నాభియందుండుననియు విద్యార్థులు కంఠస్థము చేయుదురు. అయితే ఆ సూత్రములను కనుగొన్న మహనీయుడు జీవితమంతయు జాతకములు వ్రాసినవాడనియు, ఆ విద్యను పూర్తిగా నమ్మనూలేక, పూర్తిగా విడువనూలేక, దానియెడల సత్యము తప్పకుండుటకై చాల శ్రమపడినవాడనియు పాఠ్యపుస్తకములు చెప్పవు. ఆ కథ తెలియదగినది.

యోహానెస్ కెప్లరు 1571 డిసెంబరు 27వ తేదీన నైరుతి జర్మనీలోని వైల్ డెర్ ష్టాట్ అను చిన్న పట్టణమున జన్మించెను. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ. తండ్రి జీతమునకై పరుల యుద్ధములు చేయు సైనికుడు. ఇల్లు పట్టియుండక, తుదకు భార్యాబిడ్డలను విడిచి వెడలిపోయెను. తల్లి కాథరీనా ఒక పూటకూళ్ల యింటి యజమాని కుమార్తె. ఆకుపసరులు, మూలికలు తెలిసినది. పసితనమున మశూచి సోకి కెప్లరు చూపు మందగించెను. చేతులకును అవిటితనము కలిగెను. 1577లో గొప్ప తోకచుక్క కనిపించినపుడు తల్లి అతనిని ఎత్తయిన చోటికి తీసికొనిపోయి చూపించెను. ఆ రాత్రి అతడు జీవితాంతము మరువలేదు.

1589లో అతడు ట్యూబింగెను విశ్వవిద్యాలయమున చేరెను. మతాచార్యుడు కావలెనని అతని కోరిక. అచ్చట మేస్ట్లిను అను గణితాచార్యుడు, భూమియే సూర్యుని చుట్టు తిరుగుచున్నదన్న కోపర్నికసు సిద్ధాంతమును అతనికి పరిచయము చేసెను. చదువు ముగియకమునుపే, 1594లో, ఆస్ట్రియాలోని గ్రాట్సు నగరమున గణితోపాధ్యాయ పదవి లభించెను. ఉపాధ్యాయుడుగా అతడు రాణింపలేదు. మొదటి యేట అతని తరగతికి వచ్చినవారు కొద్దిమంది; రెండవ యేట ఒక్కరును లేరు.

ఆ ఉద్యోగముతోపాటు ఏటేట పంచాంగము వ్రాయు బాధ్యతయు అతనిపై పడెను. వాతావరణము, పంటలు, యుద్ధములు, రోగములు మున్నగువానిని ముందుగా చెప్పవలెను. 1595వ సంవత్సరపు పంచాంగములో తీవ్రమైన చలి కలుగుననియు, తురుష్కులు దండెత్తుదురనియు అతడు వ్రాసెను. రెండును జరిగెను. ఊరివారు యువజ్యోతిష్కుని కొనియాడిరి. కాని పొగడ్తలలో యోగ్యత ఎంతయో, అదృష్టమెంతయో కెప్లరునకు తెలియును. ఖగోళశాస్త్రమను వివేకవతియైన తల్లిని ఫలజ్యోతిషమను తెలివితక్కువ కుమార్తె పోషించుచున్నదని తరువాతి కాలమున అతడు పరిహాసముగా చెప్పెను. ఆ పరిహాసమున తన సంసారపు లెక్క కూడ ఇమిడియున్నది.

1597లో బార్బరా అను ధనికుని కుమార్తెను అతడు వివాహమాడెను. మరుసటి యేట హైన్రిఖ్ అను తొలి కుమారుడు పుట్టెను. తండ్రి జాతకచక్రము వేసి, ఈ బిడ్డ చురుకైనవాడు, అందరిని ఆకర్షించువాడు అగునని వ్రాసికొనెను. రెండు నెలలకే ఆ బిడ్డ మరణించెను. 1599లో పుట్టిన కుమార్తె అంతకాలమును బ్రదుకలేదు. జాతకము నమ్మించి మోసగించిన యిల్లు ఎట్లుండునో కెప్లరు ఇతరులనడిగి తెలిసికొనవలసిన పనిలేకపోయెను.

జన్మచక్రము ఒక్క క్షణపు ఆకాశమును మాత్రమే చూపును. మనుష్యుని జీవితము అనేక సంవత్సరములు నడచును. ఆ క్షణమునకును, ఈ నడకకును ముడివేయుట యెట్లు? ఈ ప్రశ్నకు మన జ్యోతిష్కులు దశలతో సమాధానము చెప్పుదురు. జన్మనక్షత్రమునుబట్టి 120 సంవత్సరములను తొమ్మిది గ్రహములకు పంచి యిచ్చునదే వింశోత్తరి దశ. పాశ్చాత్యులు వేరొక త్రోవ త్రొక్కిరి. వారు జన్మచక్రమునే వయస్సుతోపాటు ముందునకు నడిపిరి. ఇట్లు నడపిన చక్రమును పురోగత చక్రమనవచ్చును.

దీని సూత్రము చిన్నది. పుట్టిన తరువాత గడచిన ఒక్కొక్క దినము జీవితమున ఒక్కొక్క సంవత్సరమునకు సమానము. ఉదాహరణకు 1950 జనవరి 1వ తేదీన పుట్టినవానికి ముప్పది యేండ్లు నిండునప్పటి ఫలము తెలియవలెనన్నచో 1980వ సంవత్సరపు ఆకాశమును చూడరు; 1950 జనవరి 31వ తేదీ నాటి గ్రహస్థితిని చూతురు. సూర్యుడు దినమునకు సుమారు ఒక భాగ నడచును గనుక ఈ చక్రములో ఒక రాశి దాటుటకు ముప్పదియేండ్లు పట్టును. చంద్రుడు దినమునకు సుమారు 13 భాగలు నడచును గనుక రెండేండ్లు దాటిన కొలదినెలలకే రాశి మారును. 27 సంవత్సరముల 4 నెలలకు చుట్టు పూర్తిచేయును. శని మున్నగు మందగ్రహములు నిండు జీవితమునందును కొద్ది భాగలకు మించి కదలవు. నడచిన గ్రహము జన్మచక్రమునందలి గ్రహమును కలిసినపుడో, దానికి ఎదురుగా నిలిచినపుడో, ఆ యేట విశేషము జరుగునని వారి లెక్క.

దీనికంటె పురాతనమైన మరియొక గణనము కలదు. అందు ఆకాశగోళపు దైనందిన భ్రమణమే కొలత. ఒక భాగ ఒక సంవత్సరమునకు సమానము. భూమి ఒక భాగ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. కావున ఆ పద్ధతిలో పుట్టిన వేళ 4 నిమిషములు తప్పినచో ఫలము ఒక సంవత్సరము తప్పును. గడియారములు సరిగా నడువని ఆ కాలమున ఇది చిన్న చిక్కుగాదు. కెప్లరు ఈ లెక్కలన్నియు ఎరిగినవాడు. దినమును సంవత్సరముగా గొను సూత్రమును అతడు ఆదరించెను. ప్లాసిడసు అను ఇటలీదేశపు సన్న్యాసి అదే శతాబ్దమున ఆ పద్ధతికి క్రమమైన రూపమిచ్చెను.

కెప్లరునకు ఈ శాస్త్రమున ఎంత నమ్మకము? రాశులకును, ద్వాదశ భావములకును జ్యోతిష్కులు చెప్పు గుణములను అతడు చాలవరకు త్రోసిపుచ్చెను. గ్రహముల నడుమనుండు కోణములకు మాత్రము మానవుని అంతఃకరణము స్పందించునని నమ్మెను. ఆకాశము మనుష్యుని సృష్టింపదు. రైతు గుమ్మడికాయకు కట్టిన త్రాడు కాయను పెంచకపోయినను దాని ఆకారమును మార్చునట్లు, అది స్వభావమునకు రూపమిచ్చునని ఒక మిత్రునకు వ్రాసెను. పొట్లకాయకు రాయికట్టు మన రైతులకు ఈ పోలిక సులభముగ బోధపడును. రాయి కాయను వంకరపోనీయదు; కాని ఆ కాయ ఏ యింటి కూరయగునో రాయి చెప్పలేదు.

1600లో మతవిద్వేషము పెచ్చరిల్లి, ప్రొటెస్టంటు మతస్థుడైన కెప్లరు గ్రాట్సు విడువవలసి వచ్చెను. అతడు ప్రాగు నగరమునకు చేరి, ఖగోళవేత్త టైకో బ్రాహి కడ సహాయకుడయ్యెను. 1601లో టైకో మరణింపగా రెండవ రుడాల్ఫు చక్రవర్తి అతనినే ఆస్థాన గణితజ్ఞునిగా నియమించెను. టైకో కూర్చిన కుజగ్రహపు పరిశీలనలు కెప్లరు చేతికి వచ్చెను. వృత్తాకార మార్గమును గ్రహించి వేసిన లెక్కకును, పరిశీలనకును 8 కలల తేడా వచ్చెను. పూర్ణచంద్రుని వెడల్పులో సుమారు నాలుగవ వంతు! మరియొకడైనచో ఉపేక్షించియుండును. టైకో పరిశీలనలో అంత తప్పుండదని యెరిగిన కెప్లరు సంవత్సరముల శ్రమను ప్రక్కకు నెట్టి మరల మొదలుపెట్టెను. 1609లో వెలువడిన గ్రంథమున మొదటి రెండు సూత్రములు లోకమునకు తెలిసెను.

ఆ గ్రంథము వెలువడుటకు ముందటి యేట, 1608లో, పేరు తెలుపని ఒక యువకుని జాతకము మధ్యవర్తి ద్వారా అతనికి చేరెను. ఆ యువకుడే తరువాత ముప్పదేండ్ల యుద్ధమున చక్రవర్తి సేనానియై ఐరోపాను గడగడలాడించిన వాలెన్‌స్టైను. చురుకుదనము, అశాంతి, అధికారతృష్ణ, దయాహీనత గలవాడనియు, శత్రువులు మెండయినను చాలవరకు గెలుచుననియు కెప్లరు వ్రాసెను. ఒక ధనికురాలైన వితంతువును పెండ్లాడుననియు చెప్పెను. 1609లో అట్టి వివాహమే జరిగెను. వాలెన్‌స్టైను ఆ పత్రమును భద్రపరచి, అంచులలో తన జీవితఘటనలను, ఏవి ముందుగా జరిగెనో, ఏవి ఆలస్యముగా జరిగెనో వ్రాయుచువచ్చెను.

1611 కెప్లరునకు విషమ సంవత్సరము. ఆరేండ్ల కుమారుడు మశూచితో మరణించెను, భార్యయు కన్నుమూసెను. చక్రవర్తికిని, అతని తమ్ముడు మథియాసునకును సింహాసనము కొరకు పోరాటము సాగుచుండెను. ఇరుపక్షములవారును నక్షత్రములు ఏమి చెప్పుచున్నవని అతనినడిగిరి. అట్టి సమయమున జ్యోతిషమును ప్రభువు చెవికి దూరముగా నుంచుటయే క్షేమమని, నమ్మికగల ఒక అధికారికి అతడు వ్రాసెను. తన విలువ పెంచుకొనుటకు అంతకు మించిన అదను దొరకదు. అతడు దానిని కోరలేదు. 1612లో రుడాల్ఫు మరణించిన పిమ్మట లింట్సు నగరమునకు పోయి, మరల వివాహము చేసికొని, గణితోపాధ్యాయుడయ్యెను.

అచ్చట అతనికి పిడుగువంటి వార్త వచ్చెను. స్వగ్రామప్రాంతమున అతని వృద్ధమాతను మంత్రగత్తెయని 1615లో ఇరుగుపొరుగువారు నిందించిరి. 1620లో ఆమెను చెరలో నుంచిరి. ఆ కాలమున అట్టి నిందకు చితియే శిక్ష. కెప్లరు తన పనులు మాని పోయి, స్వయముగా వాదమును సిద్ధపరచి, ఒక్కొక్క ఆరోపణకును సహజమైన కారణము చూపి ఖండించెను. చిత్రహింసాసాధనములను ఎదుట పెట్టినను ఆ వృద్ధురాలు లేని నేరమునొప్పుకొనలేదు. పదునాలుగు నెలల చెర తరువాత 1621లో విడుదలయయ్యెను. మరుసటి యేట మరణించెను.

ఈ కలతల నడుమనే, 1618లో, మూడవ సూత్రము అతనికి స్ఫురించెను. 1619లో ప్రకటించిన విశ్వసామరస్యమను గ్రంథమున తన జాతకమును గూర్చియు వ్రాసెను. ఇంచుమించు తనవంటి గ్రహస్థితిలోనే పుట్టిన ఒక స్త్రీని తానెరుగుదుననియు, ఆమె అశాంతితో ఊరిని కలతపెట్టినదే గాని విద్య గడింపలేదనియు చెప్పెను. ఆమె అతని తల్లియేయని పరిశోధకుల అభిప్రాయము. తన జీవితమును నడిపిన నక్షత్రములు బుధుడును కుజుడును కారనియు, కోపర్నికసును టైకో బ్రాహియుననియు అచ్చటనే అతడు అంగీకరించెను. గురువుల ఋణమును ఇంతకంటె గంభీరముగ ఒప్పుకొన్నవారు అరుదు.

1624లో వాలెన్‌స్టైను ఆ పాత జాతకమును తిరిగి పంపి, ఘటనల కాలములు తప్పినవి గనుక సవరింపుమనియు, తన మరణవిధానము మున్నగు వివరములు తెలుపుమనియు కోరెను. కెప్లరు జరిగిన ఘటనలనుబట్టి జన్మకాలమును దిద్ది లెక్కను మరల నడిపెను. కాని అట్టి వివరములు ఆకాశమునుండియే తెలియునని నమ్ముట బుద్ధికి తగదని అంతటి సేనానికిని స్పష్టముగ వ్రాసెను. ఏటేటి లెక్కను 1634 వరకు తెచ్చి, ఆ యేటి మార్చి నెలలో ఘోరమైన కల్లోలము కనబడుచున్నదని చెప్పి ముగించెను.

1627లో ఉల్ము నగరమున అతని గ్రహగణిత పట్టికలు అచ్చయ్యెను. చక్రవర్తుల ఖజానానుండి రావలసిన జీతపు బాకీలు మాత్రము రాలేదు. 1628లో వాలెన్‌స్టైను ఆశ్రయమున సాగాను పట్టణము చేరెను. అచ్చటను సొమ్ము చేతికందలేదు. 1630లో బాకీలకై రేగెన్స్‌బర్గు నగరమునకు ప్రయాణమై పోయి, జ్వరపడి, నవంబరు 15వ తేదీన పరలోకగతుడయ్యెను. అప్పటికి అతని వయస్సు 58. తరువాతి యుద్ధములలో శ్మశానము ధ్వంసమగుటచే అతని సమాధియు మిగులలేదు.

అతడు చెప్పిన మాటలు రెండు అతని మరణానంతరము పరీక్షకు నిలిచెను. 1631 నవంబరు 7వ తేదీన బుధగ్రహము సూర్యబింబమునకు అడ్డముగ పోవునని అతని పట్టికలు చెప్పినవి. ఆ దినమున పారిసులో గాసెండీ అను పండితుడు దానిని కన్నులార చూచెను. తేడా కొన్ని గంటలు మాత్రమే. రెండవది వాలెన్‌స్టైను జాతకము. 1634 ఫిబ్రవరి 25వ తేదీన ఆ సేనాని ఎగరు పట్టణమున హత్యకు గురియయ్యెను.

రెండవదానిని చెప్పుకొని ఆశ్చర్యపడువారు నేటికిని కలరు. అయితే అదే జాతకమున తప్పిన ఫలములను వాలెన్‌స్టైనే అంచులలో వ్రాసియుంచెను. వానిని చెప్పుకొనువారు తక్కువ. పుట్టిన ముప్పదియవ దినపు ఆకాశమునకును, ముప్పదియవ యేటి జీవితమునకును సంబంధము కలదనుటకు సాక్ష్యము నేటికిని లేదు. బుధుని లెక్క అట్టిది కాదు. అందలి కొన్ని గంటల తేడాను కొలువవచ్చును, కొలిచి దిద్దవచ్చును. జన్మకాలమును ఘటనల కనుగుణముగ సవరించునపుడు లెక్క ఎన్నడును ఓడిపోదు. ఓడిపోని లెక్కకు నేర్చుకొను దారి మూసికొనిపోవును. 8 కలల తేడాకు తలవంచి సంవత్సరముల శ్రమను విడిచినవాడే ఆ జాతకమును కూడ సవరించెను. తరగతిలో కెప్లరు సూత్రములను చెప్పునపుడు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూపినచో, సత్యమును వెదకుట యెట్టిదో విద్యార్థులు తామే గ్రహింపగలరు.