మూర్ఛను చదివిన వైద్యుడు

మెదడు పైపొర ఆలోచనకే గాని అవయవాల కదలికకు కాదని పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో పండితులనేకులు విశ్వసించేవారు. ఆ విశ్వాసాన్ని కదలించిన వారిలో అగ్రగణ్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్.

1835లో ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో జన్మించిన జాక్సన్, 1862లో లండను క్వీన్ స్క్వేరులోని పక్షవాత, మూర్ఛరోగుల ఆసుపత్రిలో ప్రవేశించాడు. రోగి ప్రక్కన నిలిచి ఓపికతో చూడడమే ఆయన పరిశోధనకు ప్రధానాధారం. కొందరిలో మూర్ఛ ఒక బొటనవ్రేలి వణుకుతో మొదలై, చేయి, ముఖము, కాలు అనే వరుసలో ప్రాకేది. ఆ వరుసను ఆయన కాకతాళీయమని విడిచిపెట్టలేదు. శరీరానికి ఎదుటి ప్రక్కనున్న మెదడు మడతలలో ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క తావున్నదనీ, ఒకచోట పుట్టిన అలజడి పొరుగు తావులకు వ్యాపిస్తున్నదనీ క్రమంగా నిర్ణయించాడు. 1870లో బెర్లినులో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే వైద్యులు కుక్క మెదడుపై ఒకచోట విద్యుత్తు ప్రసరింపజేయగా ఎదుటి ప్రక్క కాలు కదలింది. కొలది ఏండ్లలోనే ఫెరియర్ కోతులలోనూ ఆ సత్యాన్నే నిరూపించాడు.

మనిషి మాత్రం వింతవాడు. కొన్న పుస్తకాన్ని రెండుగా చించి చెరొక జేబులో పెట్టుకొనేవాడట! గ్రంథప్రియులు క్షమించే అపరాధం కాదది.

1865లో ఆయన తన బంధువైన ఎలిజబెత్‌ను వివాహమాడాడు. 1876లో మెదడు సిరలలో నెత్తురు గడ్డకట్టి, భర్త వర్ణించిన ఆ మూర్ఛలకే లోనై ఆమె మరణించింది. వ్యాధి నడిచే దారి ఆయనకంటె తెలిసినవారు లేరు. దానిని ఆపే మందు మాత్రం ఆయనవద్ద లేదు. సంతానము లేదు. మరల వివాహమాడలేదు. 1911లో కన్నుమూసేవరకు మాంచెస్టర్ స్క్వేరులోని ఇంట ఒంటరిగానే జీవించాడు.