జాన్ హౌలండ్ వంశచరిత్ర: జనశ్రుతి, లిఖితాధారం

అమెరికాకు తొలినాళ్లలో వలస వెళ్లిన ఆంగ్లేయులలో జాన్ హౌలండ్ సుప్రసిద్ధుడు. ఇంగ్లండులోని ఫెన్‌స్టాంటన్ ఇతని స్వగ్రామం. తల్లిదండ్రులు హెన్రీ, మార్గరెట్. 1620లో మేఫ్లవర్ నౌకపై తరలిన 102 మంది ప్రయాణికులలో ఇతడు జాన్ కార్వర్ అనే ప్రముఖుని పరిచారకుడు. నడిసముద్రంలో తుఫాను వేళ నౌకపై నుండి పడిపోయి, నీటిలో వేలాడుతున్న తెరచాప తాడును పట్టుకొని ప్రాణాలు దక్కించుకొన్నాడు.

ప్లిమత్ చేరినవారిలో దాదాపు సగంమంది తొలి శీతకాలంలోనే మరణించారు. ఆ వలసకు మొదటి గవర్నరైన కార్వర్ 1621 వసంతంలో కన్నుమూయగా, కొద్ది వారాలకే ఆయన భార్యయు గతించింది. అనంతరం హౌలండ్ స్వతంత్రంగా జీవించి, ఎలిజబెత్ అనే యువతిని వివాహమాడి పదిమంది సంతానాన్ని పొందాడు. 1634లో కెన్నెబెక్ నదీతీరంలోని వర్తకస్థావరానికి అధికారిగా ఉన్నాడు. 1673లో ప్లిమత్‌లో మరణించాడు.

ఈ ఎలిజబెత్ ఎవరి పుత్రిక అన్నదే ఇతని వంశచరిత్రలో ప్రధాన సమస్య. ఆమె గవర్నరు కార్వర్ కుమార్తె అని జనశ్రుతి. యజమాని పుత్రికను పరిచారకుడు పరిణయమాడెనన్న కథ వంశానికి గౌరవావహమైనది. కనుక సంతతివారు తరతరాలుగా దానిని విశ్వసించారు. హౌలండ్ మరణించిన చాలాకాలానికి నెలకొల్పిన స్మారకశిలపై సైతం అదే చెక్కించారు.

ప్లిమత్ గవర్నరుగా పలుమార్లు పనిచేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ స్వహస్తంతో రచించిన చరిత్ర అమెరికా స్వాతంత్ర్య సమరకాలంలో బోస్టన్ నుండి అదృశ్యమైంది. 1855లో ఆ వ్రాతప్రతి ఇంగ్లండులో, ఫుల్‌హాంలోని లండన్ బిషప్ గ్రంథాలయంలో ఉన్నట్లు గుర్తింపబడి, మరుసటి సంవత్సరమే ముద్రితమైంది. మేఫ్లవర్ ప్రయాణికులను, వారి సంతతిని పేర్కొన్న పట్టికలో హౌలండ్ భార్య జాన్ టిల్లీ కుమార్తె అని బ్రాడ్‌ఫర్డ్ స్పష్టంగా వ్రాశాడు. టిల్లీ దంపతులు తొలి శీతకాలంలోనే మృతిచెందారు. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామపు చర్చి దస్తావేజులో ఎలిజబెత్ బాప్తిస్మం 1607లో నమోదై ఉంది. అనగా అనాథ అయ్యేనాటికి ఆమె పదమూడేండ్ల బాలిక.

ఈ నిర్ణయంతో హౌలండ్ వంశం ఒక గవర్నరును కోల్పోయి, ఒక అనాథ బాలికను మూలమాతగా పొందింది. తరువాత స్మారకశిలపై టిల్లీ పేరు చోటుచేసుకొన్నది. వ్రాతప్రతి 1897లో మసాచుసెట్స్‌కు తిరిగి చేరింది. అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, ఇరువురు బుష్‌లు ఈ దంపతుల సంతతివారే.

శిలపై ఉన్నంత మాత్రాన ఏ వాక్యమూ ప్రమాణం కానేరదు. విషయానికి కాలసామీప్యం గల సాక్ష్యమే బలవత్తరమనుటకు హౌలండ్ వంశచరిత్ర చక్కని నిదర్శనం.